చేపకన్ను చూసే సినిమా!

మీ నాన్నగారినో, మేనమామనో ఒకసారి అడిగి చూడండి. హాల్లో న్యూస్‌రీలు అయిపోయేది. తెరకి రెండు పక్కలా ఉన్న నల్లగుడ్డలు మెల్లగా వెనక్కి జరిగేవి. అంతవరకూ కిటికీలా ఉన్న బొమ్మ ఒక్కసారిగా వీధి అరుగంత పొడుగయ్యేది! కథ మొదలవలేదు, హీరో రాలేదు, అయినా నేల క్లాసులో ఈలలు. ఎవరికా ఈలలు? హీరోకి కాదు, డైరెక్టరుకీ కాదు. ప్రొజెక్టరు ముక్కు మీద తగిలించిన ఒక గాజు ముక్కకి!

ఆ గాజు ముక్క కథే ఈ వారం చెప్పబోయేది. అది ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల మీదుగా ఎక్కడెక్కడికి పోతుందో చూద్దురుగాని, రండి.

అల్లూరితో వచ్చిన వెడల్పు

తెలుగు తెర మొదటిసారి అలా చేతులు బార్లా చాచింది 1974 మే 1న. పద్మాలయా వారి 'అల్లూరి సీతారామరాజు'. కృష్ణకి అది నూరో సినిమా. మన భాషలో తొలి సినిమాస్కోప్. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి.

ఇది ఎంత సాహసమో ఇప్పటి కుర్రకారుకి చెబితే తప్ప తెలీదు. హిందీలో గురుదత్ 1959లోనే 'కాగజ్ కే ఫూల్' స్కోపులో తీశాడు. కెమెరామన్ వి.కె.మూర్తికి పేరొచ్చింది, గురుదత్‌కి మాత్రం చేతులు కాలాయి. తమిళంలో 'రాజరాజ చోళన్' 1973లో వచ్చింది. మనవాళ్ళెవరూ అప్పటికి ఆ జోలికి పోలేదు. కృష్ణ పోయాడు. పైగా చివర్లో హీరో చచ్చిపోయే కథ! సగంలో దర్శకుడు వి.రామచంద్రరావు కన్నుమూశారు. పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్.దాస్ తీశారు, మిగతా భారం కృష్ణే మోశాడు. ఇన్ని కష్టాల మధ్య, చింతపల్లి కొండల్లో, చేతికింకా అలవాటుపడని లెన్సుతో స్వామిగారు పని చేశారన్నమాట.

నా తరం వాళ్ళం ఈ సినిమాని ముందు టీవీలో చూశాం. చదరపు టీవీ. బొమ్మకి రెండు పక్కలా కోత. విల్లు పట్టుకున్న మన్యం వీరుల వరసలో ఇద్దరు ముగ్గురు కనబడేవాళ్ళు, మిగతావాళ్ళు టీవీ బయట నిలబడేవాళ్ళు! తరవాత పెద్ద తెర మీద పూర్తి వెడల్పులో చూసినప్పుడుగాని, ఆ కొండ వరసలు ఫ్రేములో ఎలా పడుకుని ఉన్నాయో నాకు తెలిసి రాలేదు. ఆకాశం తక్కువ, నేల ఎక్కువ. అడవి కథకి అంతకంటే ఏం కావాలి?

మంచినీళ్ళ గ్లాసు మహిమ

ఇంట్లో గుండ్రటి గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి, దాని వెనకాల ఈ పత్రికే పెట్టి చూడండి. అక్షరాలు వెడల్పుగా కనిపిస్తాయి. ఎత్తు మాత్రం పెరగదు! గ్లాసు అడ్డంగా వంపు తిరిగింది, నిలువుగా తిన్నగా ఉంది. అంచేత వెలుతురుని అడ్డంగా మాత్రమే వంచుతుంది. సినిమాస్కోప్ లెన్సులో ఉన్న గుట్టు ఇదే. సిలిండర్ ఆకారం గాజుతో, ఎదురుగా ఉన్న లోకాన్ని అడ్డంగా రెండింతలు నొక్కి మామూలు 35 ఎం.ఎం. ఫిలిం మీద కూర్చోబెడతారు. నెగటివ్ చూస్తే అందరూ వెదురుబొంగుల్లా సన్నగా, పొడుగ్గా ఉంటారు. హాల్లో ప్రొజెక్టరుకి అలాంటి లెన్సే తగిలించి మళ్ళీ రెండింతలు సాగదీస్తారు. ఎత్తు ఒకటైతే వెడల్పు 2.35.

దీన్ని కనిపెట్టినాయన సినిమా మనిషి కాదు. అన్రీ క్రెత్యాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇనప ట్యాంకు లోపల కూర్చున్న సైనికుడికి చిన్న కంతలోంచి బయటి లోకం వెడల్పుగా కనిపించాలన్న ఆలోచనలోంచి పుట్టిందిట ఈ లెన్సు. 1920ల్లో 'హైపర్‌గొనార్' అని పేరు పెట్టి సినిమా వాళ్ళకి చూపిస్తే పెద్దగా పట్టించుకోలేదు. పాతికేళ్ళు పోయాక టీవీ వచ్చి అమెరికాలో హాళ్ళు ఖాళీ అవుతుంటే, ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ వాళ్ళు ముసలాయన ఇంటికి పరిగెత్తారు! 1953లో 'ది రోబ్' వచ్చింది. ఆ ఆయనే రూపురేఖలు దిద్దినవాళ్ళలో ఒకడైన టెలిస్కోపు నమూనాలోనే తరవాత హబుల్ అంతరిక్ష టెలిస్కోపునీ తయారుచేశారు. నక్షత్రాల మనిషి కదా, సినిమా నక్షత్రాలకీ పనికొచ్చాడు.

గూడెం కేబిన్లో

తాడేపల్లిగూడెం అంటే సినిమా వాళ్ళకి రేలంగి ఊరు. పద్మశ్రీ రేలంగి వెంకట్రామయ్యగారు ఇక్కడే ఉన్నారు, 1975లో ఇక్కడే పోయారు. తన పేరున 'రేలంగి చిత్రమందిర్' అని హాలు కూడా కట్టించారు. అలాంటి ఊళ్ళో ప్రొజెక్టర్ ఆపరేటర్లకి కొదవా? కార్బన్ కడ్డీలు కాల్చి సినిమాలు ఆడించిన ఒక పెద్దాయన్ని వెతికి పట్టుకున్నాను. పేరు రాయొద్దన్నాడు.

"స్కోపు లెన్సు అంటే పెళ్ళికూతురు బాబూ," అన్నాడు. "ఆట అయిపోగానే తుడిచి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. తాళం చెవి నా మొలతాడుకి!"

"ఎప్పుడైనా మర్చిపోయారా బాబాయిగారూ?" అన్నాను.

"ఎందుకు మర్చిపోం? న్యూస్‌రీలు మామూలు సైజులో వచ్చేది, సినిమా స్కోపులో. మధ్యలో లెన్సు మార్చాలి. నిన్నటి ఆట ధ్యాసలో స్కోపు లెన్సు ముందే తగిలించి న్యూస్‌రీలు వేశామనుకోండి, మంత్రులందరూ గుమ్మడికాయల్లా లావైపోయేవాళ్ళు. జనం ఒకటే నవ్వు. సినిమాకి లెన్సు పెట్టడం మర్చిపోతే ఇంకా ఘోరం. హీరోయిన్ అగరొత్తిలా అయిపోయేది. అప్పుడు నవ్వరు, కుర్చీలు ఇరగ్గొడతారు."

ఇంకో మాట చెప్పాడు, అది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. లెన్సు గుండ్రంగా ఉన్నా లోపలి గాజు సిలిండరు కదా. బిగించేటప్పుడు కాస్త పక్కకి తిరిగినా, తెర మీద స్తంభాలన్నీ గాలివానలో తాడిచెట్లలా ఒరిగిపోయేవి. అంచేత ఆట మొదలుపెట్టే ముందు ఏదో ఒక నిలువు గీత చూసుకుని సరిచేసేవాడట.

"హాలు సన్నగా ఉన్న ఊళ్ళలో ఏం చేసేవారు?"

"ఆయ్... గోడలు జరపలేం కదండీ! పక్కలకి పెరగాల్సిన బొమ్మ పైనా కిందా తగ్గేది. జనానికి సినిమాస్కోపే, మాకు సగం స్కోపే."

ఈ లెన్సుకి ఇంకో తెగులుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి పిండే బలం రెండింతలకంటే తగ్గిపోతుంది. హాల్లో మాత్రం సరిగ్గా రెండింతలే సాగదీస్తారు. ఇంకేముంది, క్లోజప్‌లో అందగత్తెల బుగ్గలు గవదబిళ్ళలొచ్చినట్టు ఉబ్బేవి! హాలీవుడ్‌లో దీన్ని నిజంగానే 'గవదబిళ్ళలు' అనే పిలిచేవాళ్ళు. పానావిజన్ సంస్థ పెట్టిన రాబర్ట్ గాట్‌షాక్ వాళ్ళు, ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు పలచని సిలిండర్ గాజుల్ని లోపల చేర్చి ఆ రోగం కుదిర్చారు. తారలు ఊపిరి పీల్చుకున్నారు.

మన స్వామిగారు అక్కడితో ఆగలేదు. పన్నెండేళ్ళ తరవాత, 1986 మార్చి 21న, తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' వచ్చింది. హీరో, దర్శకుడు కృష్ణే. కెమెరా స్వామిగారే.

మూడు కెమెరాలు, రెండు అతుకులు

వెడల్పు కావాలంటే పిండడం ఒక దారి. అతికించడం ఇంకో దారి. 1927లోనే ఫ్రాన్సులో ఆబెల్ గాన్స్ 'నెపోలియన్' చివర మూడు ప్రొజెక్టర్లతో మూడు తెరల మీద ఒకే దృశ్యం వేసి చూపించాడు. 1952లో న్యూయార్క్‌లో 'సినెరామా' వచ్చింది. మూడు ఫిలిములు, మూడు లెన్సులు, 146 డిగ్రీల వంపు తెర. జనం కుర్చీలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారట. కాని రెండు చోట్ల అతుకు కనబడేది. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి నడిచే మనిషి అతుకు దగ్గర తెగి అతుక్కునేవాడు. అందుకే దర్శకులు నటుల్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టి, అతుకు దగ్గర ఏ చెట్టో స్తంభమో పెట్టేవాళ్ళు.

ఈ అతుకు సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పనుంది.

కొల్లేట్లో మునిగి పైకి చూస్తే...

ఇప్పుడు చేపల దగ్గరికి వద్దాం. మా కొల్లేటి వాళ్ళకి చేపల గురించి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే! అయినా ఒక్క సంగతి అడుగుతాను. నీళ్ళలో ఉన్న శీలావతికి గట్టు మీద నిలబడ్డ మీరు ఎలా కనబడతారు?

కాలవలో ఈతలు కొట్టినవాళ్ళకి అనుభవమే. మునిగి వెల్లకిలా పైకి చూస్తే, నడినెత్తిన గుండ్రటి వెలుగు కిటికీ. దాని చుట్టూ చీకటి అద్దం. గట్టు, తుమ్మచెట్టు, ఆకాశం, కొంగ, మీ తమ్ముడి చొక్కా... అన్నీ ఆ గుండ్రంలోనే, అంచుల దగ్గర నొక్కుకుని ఉంటాయి. గాలిలోంచి నీళ్ళలోకి దిగేటప్పుడు వెలుతురు వంగుతుంది. అంచేత పైన 180 డిగ్రీల లోకమంతా నీళ్ళ కింద సుమారు 97 డిగ్రీల గరాటాలోకి సర్దుకుంటుంది. చేపకి మెడ తిప్పే పని లేదు!

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్ అనే ప్రొఫెసరు 1906లో ఈ చూపుని ఫోటో తీశాడు. బొక్కెనలో నీళ్ళు పోసి, అడుగున ఫోటో ప్లేటు పెట్టి, పైన సన్న రంధ్రం గుండా వెలుతురు వదిలాడు. 'చేపకన్ను చూపు' అన్న మాట ఆయనదే. ఇంగ్లండులో రాబిన్ హిల్ 1924లో నీళ్ళకి బదులు గాజు వాడి ఆకాశమంతా ఒక్క ఫోటోలో దింపే లెన్సు చేశాడు, మబ్బుల్ని పరిశీలించడానికి. అక్కణ్ణుంచి సినిమాల్లోకి రావడానికి ఎంతసేపు? 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో మాట్లాడే కంప్యూటర్ లోకాన్ని చూసేది చేపకన్నుతోనే. మన సినిమాల్లో కూడా హీరో తాగినప్పుడు, విలన్‌కి తల తిరిగినప్పుడు ఇదే వాడారు. పాపం, ఇంత గొప్ప లెన్సుకి తాగుబోతు వేషమే ఎక్కువ దక్కింది.

వంపు లేకుండా తిన్నగా తీయకూడదా అంటారా? ఇంటర్లో లెక్కలు చదివినవాళ్ళు 'టాన్' పట్టిక గుర్తు తెచ్చుకోండి. తిన్నటి గీతని తిన్నగానే చూపించే లెన్సు ఫోకస్ దూరం 10 మిల్లీమీటర్లు అనుకుందాం. 45 డిగ్రీల పక్కనున్న వస్తువు ఫిలిం మధ్య నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. 80 డిగ్రీలదైతే 57 మిల్లీమీటర్లు. 89 డిగ్రీలదైతే 573, అంటే అర మీటరు దాటింది! సరిగ్గా 90 అయితే? అనంతం. ఈ భూమ్మీద ఉన్న ఫిలిమంతా పరిచినా చాలదు. అదే చేపకన్ను లెన్సులో 90 డిగ్రీలది 15.7 మిల్లీమీటర్ల దగ్గరే కూర్చుంటుంది. తిన్నటి గీతలు కావాలా, లోకమంతా కావాలా? రెండూ ఇవ్వనంటుంది లెక్క.

పెళ్ళి గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డ పెద్దమ్మ తల కోలగా సాగిపోవడం చూశారా? ఫోనులోని వైడ్ లెన్సు తీసిన బొమ్మని గీతలు తిన్నగా రావాలని లాగినప్పుడు, అంచులో ఉన్నవాళ్ళు అలా సాగిపోతారు. పెద్దమ్మకి కోపం వస్తే లెన్సు మీద కాదు, టాన్ మీద రావాలి.

బొచ్చె చేపంత లెన్సు, బియ్యపు గింజంత లెన్సు

1970లో నికాన్ వాళ్ళు 220 డిగ్రీలు చూసే చేపకన్ను లెన్సు ఒకటి ప్రదర్శనలో పెట్టారు. అంటే తన వెనకాల ఉన్నది కూడా కొంత చూస్తుందన్నమాట! బరువు ఐదు కేజీల పైన. కైకలూరు చెరువులో బాగా ఎదిగిన బొచ్చె అంత.

ఎందుకంత బరువు? ముందు ఒక పెద్ద గాజు బోర్లించిన మూకుడులా ఉండి, పక్కల నుంచి వచ్చే వెలుతుర్ని మెల్లగా లోపలికి వంచాలి. ఒక్కసారి వంచితే రంగులు విడిపోతాయి, బొమ్మ అంచుల్లో ఇంద్రధనుస్సు వస్తుంది. అంచేత ఒకదాని వెనక ఒకటి గాజులు. పైగా మామూలు లెన్సులో 60 డిగ్రీల పక్క నుంచి వచ్చే వెలుతురు మధ్యలో దానిలో పదహారో వంతే ఉంటుంది. ఆ చీకటినీ ముందు గాజే సర్దాలి.

అలాంటిది ఇవాళ మీ జేబులోకి ఎలా వచ్చింది? ఫోను మందమే ఏడెనిమిది మిల్లీమీటర్లు. అందులో ఐదారు కటకాలు ఒకదాని మీద ఒకటి. అవి గాజు కూడా కాదు, ఎక్కువ భాగం ప్లాస్టిక్. గాజుని అరగదీస్తే సహజంగా బంతి వంపే వస్తుంది. ప్లాస్టిక్‌ని కరిగించి అచ్చులో పోస్తే, వేయించిన అప్పడంలా అంచుల్లో అలలు తిరిగిన వంపులు కూడా వస్తాయి. అలాంటి వంపు ఒక్కటి ఒకటికంటే ఎక్కువ గాజుల పని చేస్తుంది. చిక్కేమిటంటే ప్లాస్టిక్ వేడికి గాజుకంటే సుమారు పది రెట్లు వ్యాకోచిస్తుంది. మే నెల ఏలూరు ఎండలో దాని ఫోకస్ ఎటు పోతుందో కూడా డిజైనర్ ముందే లెక్క కట్టాలి. ఒకప్పుడు ఒక్కో కిరణం దారినీ లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని చేత్తో లెక్కించేవారు. ఇప్పుడు కంప్యూటరు వేల కిరణాల్ని కన్ను మూసి తెరిచేలోగా లెక్కేస్తుంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. సినిమా పిచ్చి ఉన్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళు అందరూ కథలు పట్టుకుని హైదరాబాదు పరిగెత్తే బదులు, ఒకరిద్దరు ఇటు చూస్తే బాగుండునని నా ఆశ.

హంగరీలో పాల్ గ్రెగుష్ అనే శాస్త్రజ్ఞుడు 1980ల్లో ఇంకో చమత్కారం చేశాడు. అరచేతిలో ఇమిడే ఒకే ఒక్క గాజు దిమ్మ. కొన్ని చోట్ల అద్దం పూత. వెలుతురు లోపల రెండుసార్లు తగిలి వెనక్కి మళ్ళుతుంది. చుట్టూ 360 డిగ్రీల లోకం గారె ఆకారంలో దిగుతుంది. గారెకి మధ్యలో చిల్లున్నట్టే ఈ బొమ్మకీ నడిమధ్య ఏమీ కనబడదు!

సోమవరప్పాడు నుంచి కంటి లోపలికి

ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్.వి.ప్రసాద్‌గారి సంగతి మీకు కొత్త కాదు. హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ వేషం వేసిన మనిషి. ఆయన పేరు ఇవాళ రెండు పెద్ద చోట్ల వినబడుతుంది. ఒకటి హైదరాబాదులో ప్రసాద్స్. 2003లో 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు ఐమాక్స్ తెరతో మొదలైంది. రెండోది ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. ఒకటి కంటి ముందు పెద్ద బొమ్మ, ఒకటి కంటి వెనక చిన్న తెర.

ఆ చిన్న తెర పేరు రెటీనా. దాన్ని పూర్తిగా చూడటం డాక్టర్లకి చాలా కాలం కష్టంగానే ఉండేది. కంటిపాప సన్న కంత కదా! మామూలు కెమెరాకి మధ్యభాగమే కనబడుతుంది, కొన్ని జబ్బులు అంచుల్లో మొదలవుతాయి. స్కాట్లండులో డగ్లస్ ఆండర్సన్ అనే ఇంజనీరు కొడుక్కి, ఐదేళ్ళవాడికి, రెటీనా ఊడిన సంగతి ఆలస్యంగా తెలిసింది. ఒక కంటి చూపు పోయింది. పరీక్షలు చేయిస్తూనే ఉన్నారు, కాని పసివాడి కన్ను బలవంతంగా తెరిపించి అంచుల దాకా చూడటం కుదరలేదు. ఆ తండ్రి 1992లో ఆప్టోస్ అనే కంపెనీ పెట్టాడు. కోడిగుడ్డు వంపున్న అద్దంతో కంటి లోపల 200 డిగ్రీల వెడల్పు ఒక్క ఫోటోలో తీసే యంత్రం చేశాడు. కొండలు తీయడానికి వెడల్పు కావాలని స్వామిగారు తాపత్రయపడ్డారు. ఈయనకి గోలీకాయంత కంట్లో కావలసి వచ్చింది.

దోనె మీద 360

ఇక అతుకు సంగతి. 2013లో రికో వాళ్ళు 'థీటా' అనే కెమెరా తెచ్చారు. వీపుకి వీపు ఆనించి కూర్చున్న రెండు చేపకళ్ళు, రెండు బొమ్మల్నీ అతికిస్తే చుట్టూ లోకం. 'బాహుబలి 2' (2017) ప్రచారానికి కూడా 360 డిగ్రీల వీఆర్ చిత్రం తయారు చేశారు. సినెరామాని పీడించిన అతుకు ఇక్కడా ఉంది. ముక్కు ముందు వేలు పెట్టి ఒక కన్ను, తరవాత ఇంకో కన్ను మూసి చూడండి. వేలు గెంతుతుంది. రెండు లెన్సుల మధ్య దూరం ఎంత ఉంటే అతుకు దగ్గర మనిషి అంత తెగుతాడు. అంచేత రెండిటినీ వీలైనంత దగ్గరికి తేవాలి. థీటాలో లెన్సుల వెనక పట్టకాలు పెట్టి, వెలుతుర్ని మోచెయ్యిలా పక్కకి మళ్ళించి దాన్ని పలచగా చేశారు. చిన్న లెన్సు కావాల్సింది జేబు కోసమే కాదు, అతుకు మాయం కావడానికి!

మొన్న శీతాకాలంలో, పెళ్ళి వీడియోలు తీసే ఇద్దరు కుర్రాళ్ళతో ఆటపాక వైపు వెళ్ళాను. గూడబాతులొచ్చే కాలం. వాళ్ళు అలాంటి 360 కెమెరాని కర్రకి కట్టి దోనె మధ్యలో నిలబెట్టారు. తీశాక ఫోనులో వేలితో తిప్పి చూస్తే కర్ర లేదు! రెండు కళ్ళకీ అందని సందులో ఉంది గనక మాయమైంది. కెమెరా గాల్లో తేలుతోంది.

ఒకవైపు గూడబాతులు, ఇనప స్టాండ్ల మీద గూళ్ళు. వేలు కాస్త తిప్పితే చేపల చెరువుల గట్లు. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి గట్లు తెగ్గొట్టింది. సినిమాల వాళ్ళొస్తే పక్షుల వైపే కెమెరా పెట్టి, గట్ల వైపు వీపు పెడతారు. దీనికి వీపే లేదు. లైటు బాయ్ ఎక్కడ దాక్కోవాలో, డైరెక్టరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేరు.

దోనె తోసే ఆయన ఫోను తీసుకుని తనూ వేలితో తిప్పాడు. పక్షులు, నీళ్ళు, మేము. ఇంకా తిప్పాడు. వెనక కొసన గెడ పట్టుకుని తనే.

"ఇదేంటండీ, నేనూ పడ్డాను! సినిమావోళ్ళని శానామందిని తిప్పాను గాని, ఎవడూ ఇటు తిప్పలేదండి."

ఆ ముక్క ఆకివీడులో ఉన్న తన కూతురి ఫోనుకి పంపమన్నాడు. పంపాం.